ఐదో తరగతి పాప, ఊపిరాడని టర్మ్: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి నుంచి ఒక అమ్మ అడిగిన ప్రశ్న ఇది. పాప ఒడియా మీడియంలో ఐదో తరగతి చదువుతోంది, ఇంట్లో మాట తెలుగు. జూలై నుంచి దసరా సెలవుల లోపల పంద్రాగస్టు డాన్సు, గణేశ్ పూజ, సైన్సు ప్రాజెక్టు, ఆటల పోటీలు, అర్ధ సంవత్సర పరీక్ష, వీటన్నిటి మీద ఆరో తరగతిలో చేరడానికి రాసే నవోదయ పరీక్షకు కోచింగ్. రాత్రి పదకొండు దాటినా పాప పుస్తకం ముందే కూర్చుంటోందట. ఆటలూ పాటలూ మానిపించేస్తే చదువు గట్టెక్కుతుందా అన్నది ఆవిడ సందేహం.

నేను గుణుపురం, రాయగడ వైపు ప్రాథమిక బడుల్లో ఎక్కువగా నాలుగు, ఐదు తరగతులకే చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకంలో కొంత ఇంగ్లీషు అన్న పిల్లలే నా క్లాసులో సగం మంది. అందుకని కొంచెం వివరంగానే రాస్తాను.

అమ్మా, ఆటలు, పాటలు మానిపించకండి. మీ ప్రశ్నలోనే మీరు రాసిన దినచర్య ఒకసారి చూడండి. పది నుంచి నాలుగు దాకా బడి. ఐదు నుంచి ఏడు దాకా ట్యూషన్, అక్కడ చేసేది బడి హోంవర్కు. ఏడున్నర తర్వాత మీరు కూర్చోబెట్టి అవే ప్రశ్నోత్తరాలు మళ్లీ చూడకుండా రాయిస్తున్నారు. ఒకే పాఠం మూడు చోట్ల, మూడు నోటుబుక్కుల్లో. డాన్సు రిహార్సల్సు వారానికి ఎన్ని గంటలు తీసుకుంటున్నాయి? మహా అయితే మూడు. ఆ మూడు గంటలు మిగుల్చుకోవాలని చూస్తున్నారు గానీ, రోజూ రెండు గంటలు తింటున్న ట్యూషన్ మీద మీకు అనుమానమే రాలేదు.

విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. అంటే రోజుకు సగటున నాలుగు గంటల పాఠం. పదేళ్ల పిల్లకు అది చాలునని పెద్దలు కూర్చుని వేసిన లెక్క. మీ పాప అంతకు రెట్టింపు చేస్తోంది. అదే చట్టం 29వ సెక్షన్లో పిల్లలు పనులు చేస్తూ, వెతుకుతూ, కనిపెడుతూ నేర్చుకోవాలని కూడా రాసి ఉంది. 28వ సెక్షన్ బడి టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదంటుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరు, నేనూ ఎక్కువ మాట్లాడను.

ఇక అసలు సంగతికి వస్తాను. పాప లెక్కల్లో "సిల్లీ మిస్టేక్స్" చేస్తోందని, 35 అని చెబితే 53 రాస్తోందని రాశారు. దాన్ని అజాగ్రత్త అనుకోకండి. మన సరిహద్దు పిల్లల్లో ఇది నేను ప్రతి ఏడూ చూసిన విషయం. తెలుగులో ముప్పై ఐదు అంటాం: ముందు పదులు, తర్వాత ఒకట్లు, రాసే వరసలోనే. ఒడియాలో అదే సంఖ్య పంచతిరిశి. ఐదు ముందు వినపడుతుంది, ముప్పై తర్వాత. తెలుగులో ఆలోచించే పిల్ల విన్న వరసలో రాస్తే 53 అవుతుంది. ఇంకా చిక్కు తొమ్మిదులతో. 39ని అణచాళిశ అంటారు, నలభైకి ఒకటి తక్కువ అన్నట్టు. పిల్ల చెవికి చాళిశ, అంటే నలభై, గట్టిగా తగులుతుంది. 49 రాసేస్తుంది. 59 అణషఠి. అక్కడ అరవై వినపడి 69 వస్తుంది. పైగా ఒడియాలో 1 అంకె చూడ్డానికి మనం రాసే 9లా ఉంటుంది. తొందరలో ఉన్న పిల్ల ఏది చూసి ఏది రాసిందో దానికే తెలియదు.

దీనికి మందు చిన్నదే. రోజూ పడుకునే ముందు ఐదంటే ఐదు సంఖ్యలు ఒడియాలో పలకండి, పాప అంకెల్లో రాయాలి. మీకు ఒడియా సంఖ్యలు తడబడితే పాపనే పలకమని మీరు రాయండి, అది ఇంకా సరదా. మొదటి వారం తొమ్మిదితో ముగిసేవి ఎక్కువ పెట్టండి. రెండు మూడు వారాల్లో తేడా మీకే తెలుస్తుంది. ఎక్కాలు మాత్రం ఒకే భాషలో ఉంచండి. బడిలో పణికియా ఒడియాలో చెప్పిస్తున్నారు కాబట్టి నోటికొచ్చింది అదే అయితే, ఇంట్లో తెలుగులో మళ్లీ అప్పజెప్పమనొద్దు. ఏడు ఎనిమిదులు అడిగితే తడుముకోకుండా వచ్చేది ఏ భాషలో అయితే, ఎక్కం ఆ భాషదే. మాటల లెక్కలకు ఎదురు పద్ధతి: పాప ఒడియాలో లెక్క చదివి, పుస్తకం మూసి, అది మీకు తెలుగులో కథలా చెప్పాలి. "ఒకాయన దగ్గర ఇన్ని మామిడికాయలున్నాయి, ఇంతమందికి పంచాడు, ఎన్ని మిగిలాయో అడుగుతున్నారు." అలా చెప్పగలిగితే లెక్క అర్థమైనట్టే. చెప్పలేకపోతే మీరు నేర్పాల్సింది భాగహారం కాదు, ఆ వాక్యం.

ఈ పని ట్యూషన్లో జరగదు. అక్కడ ఇరవై మంది ఉంటారు, తెలుగు ఇంటి నుంచి వచ్చేది ఒకరో ఇద్దరో.

సైన్సు ప్రాజెక్టు గురించి మీరు రాసింది చదివి నవ్వుకున్నాను. అగ్నిపర్వతం మోడల్ చేయాలట, థర్మోకోల్ ఎక్కడ దొరుకుతుందని అడిగారు. ఏ బడి ఎగ్జిబిషన్‌కు వెళ్లినా నాలుగు అగ్నిపర్వతాలుంటాయి, నాలుగూ నాన్నలు చేసినవే. టీచరు ఫలానా మోడలే అని పట్టుబడితే తప్ప, ఈ కాలానికి సరిపోయే ప్రాజెక్టు మీ పెరట్లోనే ఉంది: వాన.

గోడలు నిటారుగా ఉన్న ప్లాస్టిక్ సీసా ఒకటి తీసుకోండి. పై మూడో వంతు కోసి, మూత తీసేసి, గరాటులా తిరగేసి అదే సీసాలో పెట్టండి. అడుగున గుంటలు మిట్టలు ఉంటాయి కదా, నాలుగు గులకరాళ్లు వేసి అవి మునిగేదాకా నీళ్లు పోసి, ఆ నీటి మట్టం దగ్గర గీత గీయండి. అది సున్నా. బయట స్కేలు అంటించండి. చెట్టు కిందా, చూరు కిందా కాకుండా ఆరుబయట గాలికి పడిపోకుండా పెట్టండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు పాప కొలత చూసి రాసి, నీళ్లు సున్నా గీత దాకా వంపేయాలి. మన వాతావరణ శాఖ కూడా ఇరవై నాలుగు గంటల వానను ఉదయం ఎనిమిదిన్నరకే లెక్క కడుతుంది, కాబట్టి పాప అంకెను పేపర్లో వచ్చే అంకెతో పోల్చుకోవచ్చు. 64.5 మిల్లీమీటర్లు దాటితే వాళ్ల భాషలో భారీ వర్షం. టీవీలో భారీ వర్షమన్న రోజు మన సీసాలో ఎంత ఉందో చూడమనండి. ఊరంతా ఒకేలా కురవదని అప్పుడు అర్థమవుతుంది.

ఇందులో ఐదో తరగతి లెక్కలు ఎన్ని ఉన్నాయో చూడండి. దశాంశాలు, సగటు, పట్టీ గ్రాఫు, వైశాల్యం. ఒక మిల్లీమీటరు వాన ఒక చదరపు మీటరు మీద పడితే సరిగ్గా ఒక లీటరు నీళ్లు. మీ డాబా ఆరు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు అనుకుంటే 30 చదరపు మీటర్లు. ఒక రాత్రి 12 మిల్లీమీటర్లు కురిస్తే 360 లీటర్లు. "మన డాబా మీద నుంచి ఇరవై నాలుగు బిందెలు పోయాయమ్మా" అని పదిహేను లీటర్ల బిందె లెక్కన పిల్ల తనంతట తాను చెప్పిన రోజున, వైశాల్యం పాఠానికి వేరే గైడు అక్కర్లేదు. రోజుకు పట్టేది ఐదు నిమిషాలు. ఎగ్జిబిషన్ నాటికి రెండు నెలల పట్టిక, ఒక గ్రాఫు, ఆ సీసా. చార్టు అందంగా లేకపోయినా పర్వాలేదు, ఎవరు వచ్చి ఏం అడిగినా పాప జవాబు చెప్పగలదు. థర్మోకోల్ పర్వతం పక్కన నిలబడ్డ పిల్లలు చెప్పలేనిది అదే.

సోషల్ ప్రాజెక్టు కూడా ఉంటే మీ ఊరి రైలుకు మించింది లేదు. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వచ్చింది, 1931 నాటికి గుణుపురం దాకా వెళ్లింది, మొత్తం దాదాపు 90 కిలోమీటర్లు. అప్పటి పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు, ఇప్పుడు బ్రాడ్‌గేజ్ 1676. వసారాలో సుద్దముక్కతో రెండూ పక్కపక్కన గీయించండి. తాతగారిని పిలిచి పాత బండి ఎంత మెల్లగా నడిచేదో అడగమనండి, ఇప్పటి టైంటేబుల్ చూసి వేగం కట్టమనండి. స్టేషన్ల బోర్డులు కూడా చూపించండి: ఆంధ్ర వైపు పాతపట్నంలో తెలుగు, మహేంద్రతనయ నది దాటి పర్లాకిమిడికి వస్తే ఒడియా.

పండుగ సంగతి. మన పిల్లలకు ఆ రోజు రెండు పూజలు. ఇంట్లో వినాయక చవితి, బడిలో గణేశ్ పూజ. ఒడిశా బడుల్లో అది పిల్లలు తామే నడిపే పండుగ కాబట్టి వారం ముందు నుంచి పాఠాలు సరిగా సాగవు. ఆ వారం పోయిందని బాధపడే తల్లిదండ్రులు చాలామంది. నాకైతే ఏడాదిలో అంత పనికొచ్చే వారం ఇంకొకటి కనపడలేదు. పాప క్లాసు చందా లెక్క ఎవరు రాస్తున్నారో కనుక్కోండి. వీలైతే తననే అడిగి తీసుకోమనండి. ఎవరు ఎంత ఇచ్చారు, పూలకెంత, పళ్లకెంత, ప్రసాదానికెంత, చేతిలో ఎంత ఉండాలి, ఎంత ఉంది. ఆ చివరి రెండు అంకెలు కలవని రోజు పిల్ల చేసే తనిఖీ చూడాలి, ఏ పరీక్షలోనూ అంత శ్రద్ధగా సరిచూడదు.

ఇంట్లో పత్రి పనంతా పాపకే అప్పగించండి. బజారులో కట్ట కొనేయకండి, లేదా కొన్నా అందులో ఏవేమున్నాయో విప్పి చూడమనండి. ఇరవై ఒక్క రకాలూ మన ఊళ్లో దొరకవు, దేవదారు కోసం వెతుక్కోనక్కర్లేదు. మామిడి, మారేడు, రావి, రేగు, జమ్మి, ఉత్తరేణి, గరిక, తులసి, వావిలి, దానిమ్మ, మద్ది... పది పన్నెండు సులువుగా దొరుకుతాయి. పూజకు కొన్ని, పుస్తకానికి ఒక్కొక్కటి. పాత పేపర్ల మధ్య పెట్టి పైన బరువు పెడితే వారం పది రోజుల్లో ఆరిపోతాయి, ఈ తేమకు పేపర్లు రోజూ మార్చకపోతే మాత్రం బూజు పడుతుంది. ఒక్కో ఆకు కింద తెలుగు పేరు, ఒడియా పేరు రాయించండి: మామిడికి ఆంబ, మారేడుకు బేల, జిల్లేడుకు అరఖ. ఆకు అంచు ఎలా ఉంది, ఈనెలు వల అల్లినట్టున్నాయా, గరికలోలా సమాంతరంగా ఉన్నాయా అన్నది తను చూసి రాయాలి. జిల్లేడు, ఉమ్మెత్త, గన్నేరు విషపు మొక్కలు. అవి మీరే కోసివ్వండి, జిల్లేడు పాలు కంట్లో పడకుండా చూడండి, పని కాగానే చేతులు సబ్బుతో కడిగించండి.

పంద్రాగస్టు డాన్సుకు నా మాట ఒకటే: ఒక్క ఐటెం. డాన్సు, పాట, ఉపన్యాసం మూడింట్లోనూ పేరిచ్చే తల్లులు ఉంటారు. ఆటల పోటీలు అంతకన్నా సులువు. పరుగెత్తే పిల్ల రాత్రి త్వరగా నిద్రపోతుంది, అదే లాభం.

ఇక నవోదయ. దాన్ని మీరు భయపడుతున్నంత పెద్దది చేసుకోకండి. పరీక్ష ఎక్కువగా డిసెంబరులోనో జనవరిలోనో ఉంటుంది. రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 40 ప్రశ్నలు, 50 మార్కులు మెంటల్ ఎబిలిటీ, అంటే బొమ్మల ప్రశ్నలు: మిగతావాటికి వేరుగా ఉన్నది ఏది, తర్వాత వచ్చేది ఏది, అద్దంలో ఎలా కనిపిస్తుంది. వాటికి భాష అక్కర్లేదు. మన పిల్లలకు ఇది పెద్ద ఊరట, సగం పేపర్లో ఒడియా ఇంటి పిల్లకూ తెలుగు ఇంటి పిల్లకూ ఏ తేడా లేదు. మిగతా 20 అంకగణితం, 20 భాష. భాష ప్రశ్నలు పేరా చదివి జవాబు ఎంచుకునేవే, కాబట్టి గ్రామరు బట్టీ కన్నా రోజూ పావుగంట ఏదైనా కథ చదవడం మేలు. ఏ భాషలో రాయాలన్నది దరఖాస్తులోనే ఎంచుకోవాలి. పాప బడిలో చదివేది ఒడియా అయితే ఒడియాయే పెట్టండి, ఇంట్లో మాట్లాడుతుంది కదా అని తెలుగు ప్రయోగం చేయొద్దు.

ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. ఆ సీట్లలో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకు. మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లె బడిలో చదివిన వాళ్లే ఆ లెక్కలోకి వస్తారు. పర్లాకిమిడి మున్సిపాలిటీ, కాబట్టి మీ పాప మిగిలిన కొద్ది సీట్లకు పోటీపడాలి. మూడో వంతు సీట్లు ఆడపిల్లలకు ఉంటాయి, అది కొంత మేలు. రాయొద్దని అనడం లేదు, రాయించండి. కానీ ఆ సీటు మీద ఇల్లంతా ఆశ పెట్టుకుని పిల్ల నిద్ర చెడగొట్టే పరీక్ష కాదది. ఒడిశా ఆదర్శ విద్యాలయాల్లో ఆరో తరగతికీ ప్రవేశ పరీక్ష ఉంటుంది, ఈ తయారీ దానికీ పనికొస్తుంది. అర్ధ సంవత్సర పరీక్ష అయ్యేదాకా ఆదివారం ఉదయం ఒక పాత పేపరు, గడియారం పెట్టుకుని. తప్పిన ప్రశ్నలు బుధవారం ఒకసారి. దసరా సెలవుల నుంచి కొంచెం పెంచండి. అంతకు మించి ఇప్పుడు వద్దు.

తెలుగు చదవడం రావట్లేదని కూడా దిగులుపడ్డారు. దానికి ఇంకో ట్యూషన్ పెట్టొద్దు. ఆంధ్రలో 2020-21 నుంచి బడి పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా వస్తున్నాయి. పాతపట్నంలో ఎవరి పిల్లలవైనా పాత మూడో తరగతి లెక్కల పుస్తకం అడిగి తెచ్చుకోండి. ఐదో తరగతిది తేకండి. లెక్క ముందే తెలుసు కాబట్టి అక్షరాల మీదే మనసు పెడుతుంది, పక్క పేజీలో ఇంగ్లీషు ఎలాగూ ఉంది. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఆయన 1880లో మీ ఊళ్లోనే మాస్టరుగా చేరి, సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం వాళ్ల మాటల్లోనే వాచకాలు రాసిన మనిషి. అప్పట్లో ఆ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది, 1936లో ఒడిశాలో కలిసింది. ఆ రోజు పాపతో అమ్మమ్మకు తెలుగులో నాలుగు వాక్యాల ఉత్తరం రాయించండి. ఒత్తులు తప్పినా దిద్దకుండా పోస్టు చేయండి. జవాబు వస్తే చదవడానికి తనే కూర్చుంటుంది.

నిద్ర విషయంలో మాత్రం బేరం లేదు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని డాక్టర్లు చెబుతారు. ఆరున్నరకు లేవాలంటే తొమ్మిదిన్నరకు దీపం ఆరిపోవాలి. హోంవర్కు మిగిలిపోతే మిగలనివ్వండి, నోటుబుక్కులో "తొమ్మిది దాటింది, పడుకోబెట్టాను" అని రాసి సంతకం పెట్టండి. మంచి టీచరు అర్థం చేసుకుంటారు. రెండు మూడుసార్లు అలా రాస్తే హోంవర్కే తగ్గుతుంది, నా క్లాసులో తగ్గింది.

బడి రోజుల్లో మాత్రమే పొద్దున్నే కడుపునొప్పి అనడం, నోటుబుక్కులు దాచేయడం, ఇష్టమైన డాన్సుకు కూడా రానని మొండికేయడం కనిపిస్తే అప్పుడు టీచరు దగ్గరకు వెళ్లండి. వెళ్లి "మా పాప ఎలా చదువుతోంది" అని అడిగితే "బాగానే ఉంది, ఇంకా కష్టపడాలి" అంటారు, ఎవరికైనా అదే చెబుతాం. "ఈ నెలలో ఏ పాఠంలో ఆగిపోయింది? క్లాసులో ఎవరి పక్కన కూర్చుంటోంది? అర్థం కాకపోతే చెయ్యి ఎత్తుతోందా?" అని అడగండి.

ట్యూషన్ ఫీజు దసరా దాకా కట్టేశామని రాశారు. డబ్బు పోతుందని పిల్లను పంపొద్దు. మాస్టారితో మాట్లాడి రోజూ వచ్చే బ్యాచ్ నుంచి వారానికి రెండు రోజులకు మార్పించండి, ఆ రెండు రోజులూ మాటల లెక్కలే చేయించమనండి, బడి హోంవర్కు వద్దని గట్టిగా చెప్పండి. ఆయన ఒప్పుకోకపోతే మానేయండి. సాయంత్రం ఐదు గంటలకు పాప వీధిలో ఆడుకుంటూ కనిపిస్తే ఎదురింటివాళ్లు ఏదో అంటారు, అననివ్వండి.